ఇల్లు కొనకుండానే అమ్మడం: అమెరికా హోల్‌సేలింగ్‌లో నిజంగా చేతులు మారేది ఏమిటి?

హైదరాబాద్ చుట్టుపక్కల భూముల బేరాలు చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఒకాయన రైతు దగ్గర ఎకరానికి ఇంత అని ధర మాట్లాడుకుంటాడు. కొంత బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంట్ రాయించుకుంటాడు. అందులో "నా పేర గానీ, నేను చూపించినవారి పేర గానీ రిజిస్ట్రేషన్ చేయించవలెను" అనే ఒక వాక్యం ఉంటుంది. గడువు తీరేలోపు ఇంకొకరిని వెతికి, ఎక్కువ ధరకు ఒప్పించి, మధ్యలో తేడా తీసుకుని తప్పుకుంటాడు. రిజిస్ట్రేషన్ రోజు దస్తావేజులో అతని పేరు కనిపించదు. మనవాళ్లు దీన్ని మారుబేరం అంటారు, అగ్రిమెంట్ తిప్పడం అంటారు.

అమెరికాలో హోల్‌సేలింగ్ అనే మాట వినగానే చాలామంది తెలుగువాళ్లు "ఓ, ఇదేనా" అనుకునేది ఇందుకే. డాలస్ ప్రాంతంలో నాకు వచ్చే ఫోన్లు కూడా ఇలాగే మొదలవుతాయి. "అన్నా, చేతి నుంచి డబ్బు పెట్టకుండా నెలకు ఒక ఇల్లు తిప్పొచ్చంట కదా, ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతారు. ఎలా మొదలుపెట్టాలో చెప్పడం కష్టం కాదు. కానీ అంతకంటే ముందు, ఇందులో మనం అమ్మేది ఇల్లు కాదని అర్థం కావాలి. మనం అమ్మేది ఒక కాగితం. ఆ కాగితానికి విలువ ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా దిగినవాళ్లు ఇంటివాళ్లనో, కొనేవాళ్లనో, తమనో ముంచుతారు. వాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కాగితం విలువ

పద్ధతి ఇది. ఇంటి యజమానికి ఇల్లు తొందరగా అమ్ముకోవాలని ఉంటుంది. ఇల్లు పాడుబడి ఉంటుంది. బాగుచేయించే ఓపికా, డబ్బూ ఉండవు. హోల్‌సేలర్ వెళ్లి ధర మాట్లాడి కొనుగోలు ఒప్పందం మీద సంతకాలు చేయిస్తాడు. మన బయానా లాంటి ఎర్నెస్ట్ మనీని టైటిల్ కంపెనీలో జమచేస్తాడు. ఈ టైటిల్ కంపెనీ మన దగ్గర లేని ఏర్పాటు. ఆస్తి కాగితాలు వెతికేది, అప్పులూ తాకట్లూ బయటపెట్టేది, డబ్బు చేతులు మారేదాకా పట్టి ఉంచేది, హక్కుకు ఇన్సూరెన్స్ ఇచ్చేది అన్నీ వాళ్లే.

ఆ తర్వాత హోల్‌సేలర్ ఆ ఒప్పందాన్ని క్యాష్ బయ్యర్‌కి అప్పగిస్తాడు. ఈ బయ్యర్ చాలావరకు ఇల్లు బాగుచేసి తిరిగి అమ్మే ఫ్లిప్పర్, లేదా అద్దెకిచ్చే ఇన్వెస్టర్. ఒప్పందాన్ని అప్పగించే కాగితాన్ని అసైన్‌మెంట్ అంటారు, దానికి తీసుకునే సొమ్మును అసైన్‌మెంట్ ఫీజు అంటారు. ముగింపు రోజున బయ్యర్ నేరుగా యజమాని నుంచే ఇల్లు కొంటాడు. హోల్‌సేలర్‌కి టైటిల్ కంపెనీ చెక్కు ఇస్తుంది. ఆ రోజు లెక్కల పత్రంలో ఫీజు ఎంతో అందరికీ కనిపిస్తుంది.

ఫీజు కనిపించకూడదనుకున్నా, ఒప్పందాన్ని ఇంకొకరికి మార్చకూడదనే షరతు ఉన్నా ఇంకో దారి ఉంది. అదే డబుల్ క్లోజింగ్. హోల్‌సేలర్ నిజంగానే ఇల్లు కొని, అదే రోజునో మర్నాడో ఇంకొకరికి అమ్ముతాడు. రెండు రిజిస్ట్రేషన్లు, రెండు ఖర్చులు, ఒక రోజుకి అప్పు. బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఇళ్ల ఒప్పందాల్లో ఇతరులకు మార్చకూడదనే షరతు సాధారణంగా ఉంటుంది. అలాంటిచోట ఇదే గతి.

మన మారుబేరానికీ దీనికీ చట్టం కంట్లో పెద్ద తేడా ఉంది. 1882 నాటి మన ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ సూటిగా ఒక మాట చెబుతుంది. అమ్మకపు ఒప్పందం దానంతట అది ఆస్తి మీద ఏ హక్కునూ పుట్టించదు. అగ్రిమెంట్ చేతిలో ఉన్నవాడు కోర్టుకు వెళ్లి "ఒప్పుకున్నట్టు రిజిస్టర్ చేయించండి" అని అడగగలడే తప్ప ఆ స్థలంలో తనకు వాటా ఉందని అనలేడు. అమెరికా కోర్టులు ఇంగ్లండ్ పాత న్యాయ సంప్రదాయాన్ని అనుసరించి వేరే దారిలో వెళ్లాయి. ఒప్పందం మీద సంతకాలు పడగానే కొనేవాడికి ఆ ఆస్తిలో ఒక రకమైన హక్కు పుట్టినట్టే చూస్తాయి. దాన్ని ఈక్విటబుల్ ఇంటరెస్ట్ అంటారు. హోల్‌సేలింగ్ మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది. "నాది కాని ఇంటిని నేను అమ్మడం లేదు, ఆ ఇంట్లో నాకున్న ఒప్పంద హక్కును అమ్ముతున్నాను" అన్నదే హోల్‌సేలర్‌కి రక్ష.

ఇక్కడే కొత్తవాళ్లు కాలు జారుతారు. వాట్సాప్ గ్రూపులో ఇంటి ఫొటోలు పెట్టి "మూడు బెడ్‌రూముల ఇల్లు అమ్మకానికి ఉంది" అని రాస్తారు. లైసెన్స్ లేకుండా ఇంకొకరి ఇంటికి అమ్మకం ప్రకటన ఇవ్వడం బ్రోకర్ పని చేయడమే అవుతుంది. రాయాల్సింది ఒప్పందం అమ్మకం గురించి. మాట తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ లైసెన్సింగ్ అధికారులు ముందు చూసేది ఆ మాటనే.

ధర లెక్క: అసలు విద్య ఇదే

హోల్‌సేలింగ్ నేర్చుకోవడం అంటే ఫోన్లో మాట్లాడే నేర్పు అనుకుంటారు చాలామంది. నా అనుభవంలో మాట నేర్పు ఆరు నెలల్లో వస్తుంది. ధర కట్టడం రావడానికి రెండేళ్లు పట్టింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బాగుచేశాక 3 లక్షల డాలర్లకు అమ్ముడుపోయే ఇల్లు ఉంది. ఈ ధరనే ఇక్కడ ఏఆర్‌వీ అంటారు. బాగుచేయడానికి 55,000 అవుతుందని అంచనా. ఫ్లిప్పర్లు వాడే మోటు సూత్రం ప్రకారం ఏఆర్‌వీలో 70 శాతం తీసి, అందులోంచి మరమ్మతు ఖర్చు తీసేయాలి. 2,10,000లోంచి 55,000 తీస్తే 1,55,000. ఫ్లిప్పర్ అంతకంటే ఎక్కువ పెట్టడు. మనకు 10,000 ఫీజు కావాలంటే యజమానితో 1,45,000కు ఒప్పందం కుదరాలి.

ఈ సూత్రం వినగానే "30 శాతం ఫ్లిప్పర్ జేబులోకా!" అని ఆశ్చర్యపోతారు. కాదు. ఆ 90,000 ఎటు పోతుందో చూడండి. ఫ్లిప్పర్ చాలావరకు హార్డ్ మనీ అనే ఖరీదైన స్వల్పకాలిక అప్పు మీద నడుస్తాడు. 1,80,000 అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆరు నెలలు అనుకుంటే 10,800. అప్పు ఇచ్చినందుకు ముందే తీసుకునే రెండు శాతం 3,600. ఆరు నెలల ప్రాపర్టీ టాక్స్ ఒక 3,000, ఇన్సూరెన్స్, కరెంటు, నీళ్లకు ఇంకో 3,000. కొన్నప్పుడు కాగితాల ఖర్చు 3,000. అమ్మేటప్పుడు ఏజెంట్ల కమిషన్, టైటిల్ ఖర్చులు కలిపి ఏడు శాతం అనుకుంటే 21,000. మొత్తం 44,400. మిగిలేది 45,600.

ఇది బాగానే ఉంది. ఇప్పుడు మన అంచనా కొంచెం తప్పిందనుకోండి. ఇల్లు 3 లక్షలకు కాక 2,75,000కు అమ్ముడైంది. మరమ్మతు 55,000 కాక 70,000 అయింది. అవే ఖర్చులు లెక్కేస్తే ఆరు నెలలు నలిగిన ఫ్లిప్పర్‌కి మిగిలేది ఏడు వేల చిల్లర. మన 10,000 ఫీజు మాత్రం మనం ఎప్పుడో తీసుకుని వెళ్లిపోయాం. ఆ ఫ్లిప్పర్ మళ్లీ మన ఫోన్ ఎత్తుతాడా? ఈ వ్యాపారంలో బయ్యర్ల జాబితా అంటే మన లెక్కల మీద నమ్మకం పెట్టుకున్నవాళ్ల జాబితా. రెండు తప్పుడు అంచనాలతో అది ఖాళీ అయిపోతుంది.

ఏఆర్‌వీ కట్టడం టెక్సస్‌లో ఇంకా కష్టం, ఎందుకంటే ఇక్కడ ఇల్లు ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పాల్సిన పని లేదు. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్లలో యజమాని పేరు, కట్టిన సంవత్సరం, టాక్స్ కోసం కట్టిన విలువ కనిపిస్తాయి, అమ్మిన ధర కనిపించదు. ఆ ధరలు ఏజెంట్లకు అందే ఎంఎల్‌ఎస్ అనే ఉమ్మడి ఇళ్ల జాబితాలో ఉంటాయి. టాక్స్ విలువ చూసి "మార్కెట్ ధర ఇదే" అని లెక్కేసినవాళ్లు నష్టపోవడం నేను కళ్లారా చూశాను. ఒక మంచి ఏజెంట్‌తో పరిచయం పెట్టుకుని, చుట్టూ అర మైలు లోపల, గత ఆరు నెలల్లో, అదే సైజులో, బాగుచేసి అమ్మిన మూడు ఇళ్ల ధరలు అడగాలి. పెద్ద రోడ్డుకు అవతలి ఇల్లు పనికిరాదు. స్కూలు మారినా పనికిరాదు.

నల్లరేగడి మీద కట్టిన ఇళ్లు

మరమ్మతుల గురించి మన తెలుగువాళ్లకు, ముఖ్యంగా గుంటూరు, కర్నూలు వైపువాళ్లకు, ఒక్క మాటలో అర్థమయ్యే సంగతి ఉంది. డాలస్ చుట్టుపక్కల నేలలో చాలా భాగం నల్లరేగడి. ఇక్కడ దాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు బీటలు వారుతుంది. పొలంలో పగులులో కాలు ఇరుక్కుపోతుందని చిన్నప్పుడు పెద్దలు జాగ్రత్త చెప్పేవారే, ఆ నేలే ఇది. దాని మీద కాంక్రీటు పలక పోసి ఇల్లు కడితే, యాభై అరవై ఏళ్లలో ఆ పలక ఒక మూల లేస్తుంది, ఇంకో మూల కుంగుతుంది. తలుపులు సరిగ్గా పడవు, కిటికీల మూలల నుంచి గోడ మీద ఐమూలగా పగుళ్లు వస్తాయి, ఇటుక గోడలో మెట్లు మెట్లుగా చీలిక కనిపిస్తుంది. లేపాలంటే పునాది కింద స్తంభాలు దించాలి. అది లేపినప్పుడు కింద ఉన్న పాత పోత ఇనుము డ్రెయిన్ పైపులు విరుగుతాయి. పునాది కోసం ఒక ఖర్చు అనుకుంటే పైపుల కోసం ఇంకోటి వచ్చి పడుతుంది.

1965 నుంచి 1973 మధ్య కట్టిన కొన్ని ఇళ్లలో రాగికి బదులు అల్యూమినియం వైరింగ్ ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీలకు అదంటే భయం. పైకప్పు షింగిళ్ల మీద వడగళ్ల దెబ్బలు ఇంకో సంగతి.

నా మొదటి ఒప్పందం డాలస్ పక్కనే ఉన్న గార్లాండ్‌లో 1962లో కట్టిన ఇంటిది. యజమాని డెబ్భై దాటిన పెద్దమనిషి. భార్య పోయింది. అర్కన్సాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకున్నాడు. నేను ఇల్లంతా తిరిగి చూసి కిచెన్, బాత్‌రూములు, కార్పెట్, పెయింట్ అన్నీ రాసుకున్నాను. పునాదికి 4,000 అని వేశాను. ఎందుకు 4,000 అంటే నా దగ్గర జవాబు లేదు, ఎక్కడో విన్న సంఖ్య అది. పది రోజుల ఆప్షన్ పీరియడ్ రాసుకున్నాను. టెక్సస్‌లో కొంచెం ఫీజు కట్టి కొన్ని రోజుల గడువు తీసుకుంటే, ఆ లోపల ఏ కారణమూ చెప్పకుండా ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. ఫీజు పోతుంది, బయానా తిరిగి వస్తుంది.

ముగ్గురు బయ్యర్లు వచ్చి చూశారు. రెండో ఆయన హాల్లో నేల మీద ఒక గోళీ పెట్టాడు. అది దొర్లుకుంటూ వెళ్లి అవతలి గోడను తాకింది. పునాదికీ పైపులకూ కలిపి 22,000 అన్నాడు. మిగతా ఇద్దరూ దాదాపు అదే అన్నారు. నా లెక్కలో 18,000 తేడా. ఎవరూ తీసుకోలేదు.

ఎక్కడ వెతకాలి, ఎలా పలకరించాలి

ఫ్రిస్కో, ప్రాస్పర్, ప్లేనో, అర్వింగ్‌లలో మనవాళ్లు ఎక్కువ. అందుకే కొత్తవాళ్లు అక్కడే వెతకడం మొదలుపెడతారు. ఫ్రిస్కో, ప్రాస్పర్ లాంటి చోట ఇళ్లు చాలావరకు కొత్తవి. అమ్మాలనుకున్నవాళ్లు ఏజెంట్‌ని పెట్టుకుని పూర్తి ధరకే అమ్ముకుంటారు. 70 శాతానికి ఇవ్వాల్సిన అవసరం వాళ్లకు లేదు. ఈ వ్యాపారం జరిగేది గార్లాండ్, మెస్కీట్, దక్షిణ డాలస్, ఫోర్ట్‌వర్త్ పాత పేటల్లో. మనకు పరిచయం లేని వీధులవి. నెలల తరబడి తిరిగితే తప్ప ఏ వీధిలో ఇల్లు ఎంతకు పోతుందో తెలియదు. ఖాళీగా పడి ఉన్న ఇళ్లు, పెరిగిన గడ్డి, తలుపుకు అతికించిన మున్సిపల్ నోటీసులు చూసుకుంటూ కారులో తిరగడాన్ని ఇక్కడ డ్రైవింగ్ ఫర్ డాలర్స్ అంటారు. డబ్బు తక్కువ ఖర్చయ్యే దారి ఇది. నేర్చుకోవడానికి కూడా ఇదే మంచిదని నా నమ్మకం.

ఇంకో దారి రికార్డులు. ప్రాపర్టీ టాక్స్ బాకీ ఉన్నవాళ్లు, వేరే రాష్ట్రంలో ఉంటూ ఇల్లు ఇక్కడ ఉంచుకున్నవాళ్లు, ఇంటిపెద్ద పోయి వారసత్వం కోర్టులో నడుస్తున్నవాళ్లు. టెక్సస్‌లో అప్పు కట్టని ఇళ్ల వేలం ప్రతి నెలా మొదటి మంగళవారం జరుగుతుంది. కనీసం 21 రోజుల ముందు నోటీసు బయట పెట్టాలి. ఆ నోటీసు పడగానే ఆ ఇంటికి ఉత్తరాల వాన కురుస్తుంది.

ఆ ఉత్తరం అందుకునే మనిషి పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. ఇల్లు పోతుందన్న భయంలో ఉంటాడు. విడాకులో, ఆసుపత్రి బిల్లులో, చావో ఆ ఇంట్లో జరిగి ఉంటుంది. అందుకే ఈ వ్యాపారానికి చెడ్డపేరు వచ్చింది. కొందరు ఇల్లు ఎంతకు పోతుందో తెలియని ముసలివాళ్ల దగ్గర సగం ధరకు సంతకాలు పెట్టించుకున్నారు.

ఫోన్ల విషయంలో చట్టం గట్టిగా ఉంది. 1991 నాటి ఫెడరల్ టెలిఫోన్ చట్టం కింద, డు నాట్ కాల్ జాబితాలో ఉన్న నంబర్లకు అమ్మకాల ఫోన్లు, అనుమతి లేకుండా యంత్రంతో పంపే మెసేజ్‌లు తప్పు. ఒక్కో ఫోనుకు 500 డాలర్ల నుంచి, తెలిసి చేస్తే 1,500 దాకా కోర్టు వేయవచ్చు. "మేము కొనేవాళ్లం, అమ్మేవాళ్లం కాదు, మాకు ఈ చట్టం వర్తించదు" అని వాదించినవాళ్లున్నారు. ఆ వాదన ప్రతిసారీ నిలబడుతుందని నమ్మి వెయ్యి మెసేజ్‌లు పంపొద్దు.

డబ్బు లేకుండా చేయొచ్చన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. నా మొదటి ఆరు నెలల్లో ఉత్తరాలకు, నంబర్లు వెతికే సర్వీసులకు, ఆప్షన్ ఫీజులకు, పెట్రోలుకు కలిపి 4,000 డాలర్లకు పైనే అయింది. వచ్చింది సున్నా. దీని మీద వేల డాలర్ల కోచింగ్ తీసుకున్నవాళ్లను కూడా చూశాను. ఇళ్ల ఫ్లిప్పింగ్ నేర్పిస్తామని సెమినార్లు అమ్మిన ఒక కంపెనీ మీద 2019లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, యూటా రాష్ట్రం కలిసి కేసు వేశాయి. మీ దగ్గర కోచింగ్‌కి డబ్బు ఉంటే ఆ డబ్బుతో ఒక రియల్ ఎస్టేట్ లాయరు దగ్గర రెండు గంటలు కూర్చుని ఒప్పందం కాగితం రాయించుకోండి.

వీసా సంగతి ముందే తేల్చుకోవాలి

నాకు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు. వాళ్లకు నేను మొదట అడిగే ప్రశ్న ఇల్లు గురించి కాదు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు పిటిషన్ వేసిన కంపెనీకి మాత్రమే పనిచేయాలి. ఇల్లు కొని అద్దెకివ్వడం పెట్టుబడి, దానికి సాధారణంగా అడ్డు లేదు. హోల్‌సేలింగ్ పెట్టుబడి కాదు. ఫోన్లు చేయడం, బేరాలు ఆడటం, ఒప్పందాలు తిప్పడం, ప్రతిసారీ ఫీజు తీసుకోవడం, ఇదంతా పని. అనుమతి లేని ఉద్యోగంగా లెక్కకు వస్తే గ్రీన్‌కార్డు దాకా ఆ మచ్చ వెంటాడుతుంది. ఎల్‌ఎల్‌సీ పెట్టుకుంటే సరిపోతుందని చెప్పేవాళ్లున్నారు. కంపెనీకి యజమానిగా ఉండటం వేరు, అందులో పనిచేయడం వేరు. పదివేల ఫీజు కోసం పదేళ్ల క్యూని పణంగా పెట్టొద్దు, ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా అడుగు వేయొద్దు. ఎఫ్‌1 మీద చదువుకుంటున్న పిల్లలకు కూడా ఇదే మాట. హెచ్‌4 మీద ఉండి ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఎవరికైనా పనిచేయొచ్చు, సొంతంగానూ చేసుకోవచ్చు.

ట్యాక్స్ గురించి క్లుప్తంగా. అసైన్‌మెంట్ ఫీజు వ్యాపార ఆదాయం. ఇల్లు ఏడాదికి మించి ఉంచుకుని అమ్మినవాళ్లకు వచ్చే తక్కువ పన్ను దీనికి రాదు. మామూలు పన్నుకు పైన, సొంత సంపాదన మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 15.3 శాతం కట్టాలి. జీతంలో సోషల్ సెక్యూరిటీ పరిమితి దాటినవాళ్లకు ఆ భాగం తగ్గుతుంది. చెక్కు రాగానే మూడో వంతు పక్కన పెట్టడం నేను అలవాటు చేసుకున్నాను.

రాష్ట్రాలు ఎందుకు పట్టుకున్నాయి

ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని ఈ పద్ధతిని గత పదేళ్లలో రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చట్టాల్లోకి తెచ్చాయి. టెక్సస్ 2017లో, లైసెన్స్ లేకుండా ఒప్పంద హక్కు అమ్మేవాళ్లు తమ చేతిలో ఉన్నది ఇల్లు కాదు, ఒప్పంద హక్కు మాత్రమేనని కొనేవాళ్లకు చెప్పి తీరాలని రాసింది. ఇల్లినాయ్ 2019లో 12 నెలల్లో ఒకటికి మించి ఇలాంటి బేరాలు చేస్తే లైసెన్స్ కావాలంది. ఓక్లహోమా 2021లో హక్కును బహిరంగంగా ప్రకటించి అమ్మాలంటే లైసెన్స్ తప్పనిసరి చేసింది. పెన్సిల్వేనియాలో చట్టం 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. అక్కడ లైసెన్స్‌తో పాటు, ఇంటి యజమానికి 30 రోజుల దాకా, లేదా ఇల్లు చేతులు మారేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఇచ్చారు.

ఈ చట్టాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మారుబేరం తప్పని వాటిలో ఎక్కువభాగం అనడం లేదు. దాచిపెట్టడమే తప్పంటున్నాయి. నువ్వు కొనేవాడివి కాదు, ఇంకొకరికి అప్పగించేవాడివి అన్న సంగతి ఎదుటి మనిషికి తెలియాలి. పెన్సిల్వేనియా చట్టం ఒక అడుగు ముందుకు వేసి యజమాని వైపు నిలబడింది. నా మటుకు నాకు అదే సరైన దిక్కు అనిపిస్తుంది. హోల్‌సేలింగ్ చేసేవాడిగానే ఈ మాట అంటున్నాను.

మొదటిసారి దిగేవాళ్లు నిజాయితీగా ఆలోచిస్తే ఇంకో దారి కూడా ఉంది. టెక్సస్‌లో ఏజెంట్ లైసెన్స్‌కి 180 గంటల చదువు, ఒక పరీక్ష. మూడు నాలుగు నెలల పని. లైసెన్స్ ఉంటే అమ్మిన ధరలు చూడొచ్చు. హోల్‌సేల్ ధరకు ఇవ్వడం యజమానికి నష్టం అనిపిస్తే, "మీ ఇల్లు నేను మార్కెట్‌లో పెట్టి అమ్మిపెడతాను" అని చెప్పొచ్చు. రెండు దారులూ ఆయన ముందు పెట్టగలగడం మనకు బలం, ఆయనకు మేలు. లైసెన్స్ ఉన్నవాడు తనకు లైసెన్స్ ఉందని చెప్పాలి, అది భారం కాదు.

టైటిల్ విషయం కూడా మర్చిపోవద్దు. టెక్సస్‌లో భార్యాభర్తలు ఉండే ఇల్లు అమ్మాలంటే ఇద్దరూ సంతకం చేయాలి, పత్రంలో ఒక్కరి పేరే ఉన్నా సరే. ఇంటిపెద్ద వీలునామా లేకుండా పోతే వారసులందరి సంతకాలూ కావాలి. మన ఊళ్లో అన్నదమ్ముల సంతకాల కోసం తిరిగినట్టే ఇక్కడా తిరగాలి, కాకపోతే ఒక తమ్ముడు ఒహాయోలో, ఇంకో చెల్లెలు జైల్లో ఉండొచ్చు. అందుకే ఒప్పందం అవగానే మొదటి రోజే టైటిల్ కంపెనీకి ఇచ్చి కాగితాలు వెతికించాలి. బయ్యర్ కోసం వెతకడం దాని తర్వాతే.

గార్లాండ్ ఇంటి దగ్గరికి మళ్లీ వస్తాను. తొమ్మిదో రోజు సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. అప్పటిదాకా ఆయనతో నేను అన్న మాట "మీ ఇల్లు కొంటాను" అనే. ఒప్పందం ఇంకొకరికి మారుస్తానని కాగితంలో ఉంది. ఆయన సంతకం పెట్టాడు. కానీ ఆ మాట నోటితో చెప్పలేదు. వెళ్లేసరికి హాలు నిండా అట్టపెట్టెలు. భార్య పింగాణీ గిన్నెలు పాత వార్తాపత్రికల్లో చుట్టి సర్దుతున్నాడు. పై శనివారానికి ట్రక్కు మాట్లాడాడు, దానికి డబ్బు కట్టేశాడు. నేను కొనలేనని, నా దగ్గర అంత డబ్బు లేదని, ఎవరికో అప్పగిద్దామనుకున్నానని, పునాది లెక్క తప్పిందని చెప్పాను. ఆయన కోప్పడలేదు. కాసేపు గిన్నె పట్టుకుని అలాగే కూర్చుని, "మొదటి రోజే చెప్పి ఉంటే నేను పెట్టెలు సర్దేవాణ్ని కాదు" అన్నాడు.

చట్టం ప్రకారం నేను తప్పు చేయలేదు. ఆప్షన్ ఫీజు ఆయనకే వెళ్లింది. ట్రక్కు అడ్వాన్స్ నేను కడతానంటే ముందు వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. నాకు తెలిసిన ఏజెంట్ నంబరు ఇచ్చి, పునాది రిపోర్టు దాచకుండా ముందే పెట్టి ఉన్నదున్నట్టు అమ్మమని చెప్పాను.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, కుర్చీలో కూర్చున్నాక మొదటి మాటల్లోనే చెబుతున్నాను. "ఇల్లు నేను కొనకపోవచ్చు. కొనేవాళ్లను వెతుకుతాను, మధ్యలో నాకు ఫీజు ఉంటుంది. ఏజెంట్ ద్వారా అమ్మితే మీకు ఇంకా ఎక్కువ రావచ్చు, కాకపోతే సమయం పడుతుంది. దొరకకపోతే ఫలానా తేదీకి చెప్పేస్తాను, అప్పటిదాకా ఇల్లు ఖాళీ చేయొద్దు." ఇలా చెప్పడం వల్ల కొన్ని బేరాలు పోయాయి. చేసినవాటిలో ఒక్కటి కూడా తొమ్మిదో రోజున విరగలేదు.

ఏడు వారాల తర్వాత గార్లాండ్ పెద్దమనిషి అర్కన్సా నుంచి ఫోన్ చేశాడు. ఇల్లు అమ్ముడైంది. ఏజెంట్ కమిషన్ పోను ఆయన చేతికి వచ్చింది నేను ఒప్పందంలో రాసిన ధర కంటే 11,000 డాలర్లు ఎక్కువ.